పాదిరి చదువు

క్రైస్తవ సంఘమున బోధకుడు కాగోరువాడు కళాశాలలో ఏమి చదువును, ఎందుకు చదువును అనునదియే నేటి ప్రసంగ విషయము. మీలో క్రైస్తవులుందురు, కానివారును ఉందురు. అయినను ఊరిలో ఒక పాదిరి యున్నచో అతడు ఊరందరికిని పొరుగువాడే. అతని వివేకమువలన ఒక వాడలోని కలహము చల్లారవచ్చును. అతని యవివేకమువలన అదే కలహము రెండు వాడలకు ప్రాకవచ్చును. కావున అతని చదువు అతని సంఘమువారికి మాత్రమే సంబంధించిన విషయము కాదు.

నేను అట్టి కళాశాలలో మొదట విద్యార్థిగాను, పిదప ఉపాధ్యాయుడుగాను కొన్ని సంవత్సరములు గడపినవాడను. విద్యార్థులను వెంటబెట్టుకొని గ్రామములకు పోయినప్పుడెల్ల పెద్దలు నన్ను రెండు ప్రశ్నలడుగుచుండిరి. మొదటిది: “బైబిలు తెలుగులోనే యున్నది, మా యింటనే యున్నది, అక్షరములు వచ్చినవాడెవడైనను చదువుకొనవచ్చును. దీనికై నాలుగేండ్లు పట్టణమున కూర్చుండి చదువవలసిన దేమున్నది?” రెండవది మెల్లగా, కొంచెము బాధతో అడుగు ప్రశ్న: “చదివి పట్టము పుచ్చుకొన్నవాడు మరల మా వాడలో నిలుచునా?” ఈ రెండును న్యాయమైన ప్రశ్నలే. మొదటిదానికి కళాశాల సమాధానము చెప్పగలదు. రెండవదానికి కళాశాల యొక్కటియే చెప్పజాలదు. గ్రామమును కలసి చెప్పవలయును.

ముందుగా పేర్లను చూతము. పాదిరి అను మాట పోర్చుగీసువారి వెంట మన దేశమునకు వచ్చినది. దానికి తండ్రి యని యర్థము. పాస్టరు అనునది లాటిను మాట; మందను మేపు కాపరి యని యర్థము. దక్షిణ ఇండియా సంఘమున గురువును ప్రెస్బిటరు అందురు. అది గ్రీకు మాట. పెద్ద యని దాని యర్థము. డీకను అనునదియు గ్రీకు మాటయే. పరిచారకుడు, అనగా పంక్తిలో వడ్డించువాడు. చూడుడు, పరదేశపు మాటలుగా తోచిన యీ పేర్లన్నియు మన పల్లెలలో నిత్యము వినవచ్చు మాటలే. తండ్రివలె ప్రేమించి, కాపరివలె కాచి, పెద్దవలె తగవు తీర్చి, పరిచారకునివలె వడ్డింపగలవానిని తయారుచేయుట కళాశాల పూనుకొన్న పని. ఇట్టి పని పుస్తకముతో మాత్రము కాదని మీకు నేను చెప్పనక్కరలేదు. పుస్తకము లేకుండ కూడ కాదని చెప్పుటకే యీ ప్రసంగము.

ఇట్టి విద్యాలయములు మన దేశమున ఎట్లు పుట్టినవో కొంచెము చెప్పెదను. తమిళదేశపు సముద్రతీరమున తరంగంబాడి యను పట్టణము డేన్మార్కు దేశస్థుల యధీనములో నుండగా, 1706లో జీగెన్‌బాల్గు అను జర్మను బోధకుడు అచ్చటికి వచ్చెను. పది సంవత్సరములైన పిదప, 1716లో, ఉపదేశులను తయారుచేయుటకై అచ్చట ఒక చిన్న పాఠశాల ఏర్పడినది. 1733లో ఆరోను అను తమిళుడు అచ్చటనే గురువుగా అభిషేకింపబడెను. ప్రొటెస్టెంటు సంఘములలో గురుత్వము పొందిన మొదటి భారతీయుడు ఆయనయే.

పట్టములిచ్చు కళాశాల వంగదేశమున వెలసినది. కలకత్తాకు ఉత్తరమున, హుగ్లీ నది పడమటి యొడ్డున సెరంపూరు కలదు. ఇదియు నాడు డేన్మార్కువారిదే. విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు అను ముగ్గురు 1818లో అచ్చట కళాశాలను స్థాపించిరి. వీరిలో కేరీ స్వదేశమున చెప్పులు కుట్టి జీవించినవాడు, మార్ష్‌మన్ బడిపంతులు, వార్డు అచ్చుపని నేర్చినవాడు. చేతిపనివారు కట్టిన యీ విద్యాలయమునకు 1827లో డేన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్కు పట్టములిచ్చు నధికారమును శాసనపూర్వకముగా దయచేసెను. 1845లో ఆ పట్టణము ఆంగ్లేయుల వశమైనప్పుడును ఆ యధికారము చెడలేదు. 1918లో వంగదేశపు శాసనసభ సెరంపూరు కళాశాలా చట్టమును చేసెను. దాని ననుసరించి ఏర్పడిన సెనేటు అను విద్యామండలి నేటికిని మన దేశములోను పొరుగు దేశములలోను గల అనేక వేదాంత కళాశాలలకు పాఠక్రమమును నిర్ణయించి, పరీక్షలు నడిపి, పట్టములిచ్చుచున్నది.

ఈ సెరంపూరునకును తెలుగునకును పాత చుట్టరికము కలదు. కేరీ రచించిన తెలుగు వ్యాకరణము 1814లో అచ్చటనే అచ్చయినది. దానికి పూర్వమే, 1805లో విశాఖపట్టణము చేరిన క్రాను, డేగ్రాంజెసు అను బోధకులు ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుని సాయముతో సువార్తలను తెనిగింపసాగిరి. వారు తెనిగించిన మూడు సువార్తలు 1812లో సెరంపూరు అచ్చుకూటముననే ముద్రితములైనవి. కళాశాల స్థాపకులు కూడ దేశభాషలను, సంస్కృతమును విద్యార్థులు ముందుగా నేర్వవలెనని పట్టుపట్టినవారు. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు. తరువాత దీనితో పని యున్నది.

తెలుగునాట మొదట పనిచేసిన బోధకులలో పెక్కురు కళాశాల గడప ద్రొక్కనివారు. ఒంగోలు ప్రాంతమున యెఱ్ఱగుంట్ల పేరయ్య అను మాదిగవాడు తోళ్ల వ్యాపారమునకై ఊరూర తిరుగువాడు. 1866లో బాప్తిస్మము పొంది, తాను తిరిగిన ఊళ్లలోనే తనవారికి బోధించెను. అతనికి బంధువులు తెలియును, బాటలు తెలియును, భాష తెలియును. మఱి కళాశాల యేల? ఆ ప్రాంతపు చరిత్రయే దానికి జవాబు చెప్పును.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన కరవులో అమెరికను బాప్టిస్టు బోధకుడు జాన్ క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. కూటికొరకు చేరినారన్న మాట రాకుండుటకై కరవు కాలమున బాప్తిస్మములను నిలిపివేసెను. కరవు తగ్గిన పిదప, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు దేశీయ బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొనుచు, ఆ పని నెరవేర్చిరి. ఒక దినములో ఇందరిని నీటిలోనుండి లేవనెత్తవచ్చును. కాని మరునాటినుండి వారికి బోధించువా రెవరు? పల్లెపల్లెకు బడి పెట్టువా రెవరు? పిల్లలకు అక్షరములు, పెద్దలకు ప్రార్థన నేర్పువా రెవరు? రామాపట్టణమున 1870వ దశకపు ప్రారంభమున మొదలైన బాప్టిస్టు వేదాంత పాఠశాల ఈ యవసరమునకే పనికివచ్చినది. కెనడా బాప్టిస్టులు 1882లో సామర్లకోటలో మఱియొకటి నెలకొల్పిరి. లూథరనులు రాజమండ్రిలో లూథరుగిరియందు నడిపిరి.

దోర్నకల్లు సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. తిరునెల్వేలి తమిళుడైన వేదనాయకం శామ్యూలు అజరయ్య 1909లో అచ్చటికి వచ్చి, తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పు అయ్యెను. 1945లో దివంగతుడగువరకు ఆయన పల్లె బోధకుల తర్ఫీదును తన ముఖ్యకార్యములలో నొకటిగా నెంచెను. పగలు బడిపంతులు, సాయంకాలము ప్రార్థన నడుపువాడు, రాత్రి రోగి మంచమువద్ద కూర్చుండువాడు ఒక్కడే యగుటవలన ఆ మూడింటికిని తగిన చదువు కావలసివచ్చెను. బోధకుల భార్యలకు కూడ అచ్చట శిక్షణ నిచ్చెడివారు. ఊరిలో ఆడువారి సుఖదుఃఖములు వినవలసినది వారే గదా! 1964లో తెలుగునాటి పలు సంఘములవారు కలసి ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కళాశాలను రాజమండ్రిలో స్థాపించిరి. పిదప అది హైదరాబాదునకు తరలినది. రోమను కథోలికుల గురువిద్యాలయములు వేరు. వానిలో శిక్షణకాలము దీర్ఘము, గురువులు అవివాహితులు. నేను చెప్పునది ప్రొటెస్టెంటు కళాశాలలనుగూర్చి.

ఇక చదువు సంగతి. బి.డి. అను పట్టమునకు సాధారణముగా నాలుగైదేండ్లు పట్టును. మొదట భాషలు. బైబిలులో పాత నిబంధన గ్రంథములు ముప్పదితొమ్మిది. అవి దాదాపు అన్నియు హెబ్రీ భాషలో పుట్టినవి. క్రొత్త నిబంధన గ్రంథములు ఇరువదియేడు, అవి గ్రీకులోనివి. హెబ్రీకి ఇరువదిరెండక్షరములు, ఉర్దూవలె కుడినుండి ఎడమకు వ్రాయుదురు. మొదటి సంవత్సరమున విద్యార్థి పసిబాలునివలె పలక పట్టినట్లే యుండును. ఈ శ్రమ దేనికని మీరడుగుదురు. ఒక్క యుదాహరణము చెప్పెదను.

యోహాను సువార్త మూడవ యధ్యాయమున యేసు రాత్రివేళ తనయొద్దకు వచ్చిన నీకొదేమను పెద్దతో గాలినిగూర్చి మాటలాడి, వెంటనే ఆత్మనుగూర్చి మాటలాడును. తెలుగున చదువువానికి గాలి వేరు, ఆత్మ వేరు. ఒకదానినుండి మఱియొకదానికి ఏల దూకెనో తెలియదు. గ్రీకులో గాలికిని, ఆత్మకును ఒక్కటే మాట, న్యూమా. హెబ్రీలోను అంతే, రూఆఖ్ అనగా గాలి, ఊపిరి, ఆత్మ మూడును. ఆయన దూకలేదు, ఒక్క మాటపైననే నిలిచియుండెను. ఇది తెలిసిన బోధకుడు వైశాఖమాసపు టుక్కలో వేపచెట్టు క్రింద కూర్చున్న జనముతో, ఆకు కదలినప్పుడు గాలి వచ్చినదని మీరెట్లు తెలిసికొందురో అట్లే యని చెప్పగలడు. తెలియనివాడు ఆత్మ యన నేమో నిర్వచించుటకు పెద్ద మాటలు వెదకుకొని, తానును అలసి, వినువారిని అలయించును. చూచితిరా, గ్రీకు నేర్చినది గ్రీకు పలుకుటకు కాదు, తెలుగున తేటగా పలుకుటకు.

రెండవది వ్యాఖ్యానము, అనగా వ్రాసిన నాటి దేశకాలములను తెలిసికొని అర్థము చెప్పుట. విత్తువాని ఉపమానము మీలో చాలమందికి తెలియును. విత్తనములు కొన్ని దారిప్రక్కన పడెను, కొన్ని రాతినేలను పడెను, కొన్ని ముండ్లలో పడెను, కొన్ని మంచినేలను పడెను. ఒక గ్రామమున నా విద్యార్థి యొకడు దీనిపై ప్రసంగించుచుండగా ఒక వృద్ధ రైతు లేచి, “ఏమయ్యా బాబూ, దారిమీద గింజలు పారబోసెడి రైతు ఎక్కడనైన నుండునా? ఆయనకు గొఱ్ఱు లేదా?” అని అడిగెను. అందరును నవ్విరి. కాని ఆ ప్రశ్న పండితుడడుగవలసిన ప్రశ్న. నల్లరేగడిలో గొఱ్ఱు కట్టి, సాలు తప్పకుండ విత్తు మన రైతునకు ఆ కథ వింతగానే యుండును. పాలస్తీనా దేశమున రైతు చేతితో వెదజల్లెడివాడు. పొలముల నడుమ నడచు జనము వేసిన కాలిబాటలుండెడివి. పలుచని మట్టిక్రింద సున్నపురాయి యుండెడిది. చేతివిసురున నాలుగు గింజలు బాటమీద పడక తప్పదు. ఇంత తెలిసిన పిదప కథ సారము స్పష్టమగును: గింజ నష్టమగునని యెఱిగియు విత్తువాడు చేయి ముడుచుకొనలేదు. ఆ సాయంకాలము ఆ విద్యార్థి రైతు ప్రక్కన కూర్చుండి గొఱ్ఱునకు జడ్డిగము నెట్లు అమర్తురో, గింజ యే లోతున పడవలెనో అడిగి తెలిసికొనెను. కళాశాలలో నేర్చిన సగము పాఠమునకు మిగిలిన సగము అచ్చట దొరకినది.

మూడవది సంఘ చరిత్ర. 325లో నికయ సభనుండి, 1517లో జర్మనీదేశమున లూథరు లేవనెత్తిన సంస్కరణమునుండి, మన దేశమున మలబారుతీరపు సిరియను క్రైస్తవుల వరకు విద్యార్థి చదువును. 1606లో మధుర చేరి సన్న్యాసివేషమున తమిళ సంస్కృతములు నేర్చిన రాబర్టు డి నోబిలి చరిత్రమును చదువును. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికనులు, మెథడిస్టులు మున్నగువారు కలసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడిన విధమును చదువును. దీనివలన ప్రయోజన మేమనగా, తన ఊరి సంఘములో రెండు పక్షములేర్పడినప్పుడు ఇది ప్రపంచమున మొదటి తగవు కాదని అతనికి తెలియును. ఏ తగవు సిద్ధాంతముకొరకు వచ్చినదో, ఏది పెత్తనముకొరకు వచ్చి సిద్ధాంతపు కండువా కప్పుకొన్నదో పోల్చుకొనగలడు.

నాలుగవది సిద్ధాంతము, నీతిశాస్త్రము. దేవుడనగా నేమి, పాపమనగా నేమి, క్షమయనగా నేమి అను విచారణ. ఇది గాలిలో సాగు చర్చ కాదు. వాన రాక పైరు మాడినప్పుడు, ఎదిగిన బిడ్డ పాముకాటున పోయినప్పుడు, ఇంటివారు పాదిరిని అడుగునది ఇదియే. ముందుగా ఈ ప్రశ్నతో కుస్తీ పట్టనివాడు అప్పటికప్పుడు నోటికి వచ్చినది చెప్పును. “నీ పాపఫలము” అని కూడ అనివేయవచ్చును. అట్టి మాట తగిలిన గుండె మానదు. యోబు గ్రంథమున మిత్రులు ఏడు దినములు నోరు మెదపక రోగి యొద్ద కూర్చుండిరి. వారు మేలు చేసినది ఆ యేడు దినములే. ఎప్పుడు మాటలాడరాదో నేర్చుకొనుట ఈ చదువులో పెద్ద భాగము.

అయిదవది ఇతర మతముల అధ్యయనము. విద్యార్థి భగవద్గీతను, ఖురానును, బౌద్ధ ధర్మమును చదువవలెను. వెనుకటి రోజులలో కొందరు బోధకులు పొరుగువాని మతమునందలి దోషములేరుటకే దానిని చదివిరి. దానివలన పొరుగు చెడినది, జ్ఞానము పెరుగలేదు. బెంగుళూరులో 1910లో స్థాపితమైన యునైటెడ్ థియొలాజికల్ కళాశాలలో పి. డి. దేవనందన్ గారివంటి అధ్యాపకులు వేరు మార్గము చూపిరి. పొరుగువాడు విని “అవును, నేను నమ్మునది ఇదియే” అనునట్లు అతని మతమును చెప్పగలిగినప్పుడే దానిని చదివినట్లు. ఊరిలో జాతర వచ్చినప్పుడు, మొహర్రము పీర్లు లేచినప్పుడు ఈ పాఠము విలువ తెలియును.

ఆరవది నేడు విస్తరించిన విషయము, కులమునుగూర్చిన విచారణ. తెలుగు క్రైస్తవులలో అధికసంఖ్యాకులు మాల మాదిగ కుటుంబములనుండి వచ్చినవారు. వారి తాతముత్తాతల యనుభవము వేదాంతశాస్త్రమున ఎక్కడ నున్నదని 1981లో బెంగుళూరు కళాశాలలో అరవింద్ నిర్మల్ గారు ప్రశ్నింపగా, దళిత వేదాంతమను చింతన బయలుదేరినది. ఐగుప్తులో ఇటుకలు కోసిన దాసుల మొర దేవుడు వినెనను కథ చావడి వెలుపల నిలిచినవానికి ఒక విధముగా, లోపల కూర్చున్నవానికి ఒక విధముగా వినబడును. దీనితోపాటు చట్టములు కూడ కొంత తెలియవలెను. షెడ్యూల్డు కులములకు సంబంధించిన 1950నాటి ఉత్తర్వు మొదట హిందువులకే వర్తించెను, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేసిరి, క్రైస్తవులను చేర్చలేదు. దీనిగూర్చి అడుగువారు ప్రతి వాడలోను ఉందురు. అట్లే 1872నాటి క్రైస్తవ వివాహ చట్టము: పెండ్లి జరిపించువానికి అధికార ముండవలెను, వధూవరుల వయస్సు విచారింపవలెను, పుస్తకమున వ్రాసి సాక్షుల సంతకములు తీసికొనవలెను. ఆ పుటలో ఒక్క పంక్తి తప్పిన రేపు ఒక విధవ తన హక్కును కోల్పోవచ్చును.

కడపటిది సేవాభ్యాసము. ఆదివారములందు విద్యార్థులు చుట్టుప్రక్కల సంఘములకు పోవుదురు. ప్రసంగము చేయుదురు, తరువాత ఉపాధ్యాయుడు తప్పులెన్నును. కొందరు ఆసుపత్రులలో రోగుల ప్రక్కన కూర్చుండి వినుట నేర్తురు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో దీనికై ప్రత్యేక శిక్షణ కలదు. కానుకల లెక్క వ్రాయుట, సంఘసభ జరుపుట, సమాధి కార్యము నడుపుట, పిల్లలకు పాటలు నేర్పుట కూడ ఇందులోనివే. స్త్రీలును నేడు ఈ కళాశాలలలో చదువుచున్నారు. 2013లో పుష్పలలిత గారు నంద్యాల బిషప్పుగా అభిషేకము పొంది, దక్షిణ ఇండియా సంఘమున తొలి స్త్రీ బిషప్పు అయిరి. కొన్ని సంఘములు ఇంకను స్త్రీలకు గురుత్వ మీయవు. కాని పల్లెలలో చిరకాలము ఇంటింటికి పోయి బోధించినవారు బైబిలు స్త్రీలే యని మీకు తెలియును.

ఇంతవరకు మొదటి ప్రశ్నకు జవాబు. ఇక రెండవది: చదివినవాడు వాడలో నిలుచునా?

ఇచ్చట దాచక చెప్పవలసిన చిక్కులున్నవి. మొదటి చిక్కు భాష. సెరంపూరు స్థాపకులు దేశభాషలకై పట్టుపట్టినారని ముందు చెప్పితిని. కాని నేడు బి.డి. తరగతులలో పాఠములును, పుస్తకములును చాలవరకు ఆంగ్లమున నున్నవి. పట్టము దేశమంతట చెల్లవలెననిన అది కొంత తప్పదు. అయినను నాలుగేండ్లు ఆంగ్లమున ఆలోచించినవాడు ఊరికి వచ్చి తెలుగున నోరు తెరచునప్పుడు మాట తడబడును. వాక్యము తెలుగు, ఆలోచన ఆంగ్లము. అవ్వలు తల యూపుదురు, ఇంటికి పోయి ఏమి చెప్పెనో చెప్పలేరు. అందుచేత నా విద్యార్థులకు నేను చెప్పెడి దొక్కటే: హెబ్రీ గ్రీకులతోపాటు తెలుగును కూడ ఒక వేదభాషవలె చదువుడు. పంతొమ్మిదవ శతాబ్దమున పురుషోత్తమ చౌదరి వ్రాసిన కీర్తనలు అక్షరము రాని నోళ్లలో గూడ ఎట్లు నిలిచినవో చూడుడు. జాషువ కవి క్రీస్తు చరిత్రను పద్యములలో ఎట్లు నడిపెనో చూడుడు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము దానికే వచ్చినది. బోధకునికి అంతటి కవిత్వము అక్కరలేదు. ఆ తేటదనము కావలయును.

రెండవ చిక్కు పట్టణము. విద్యుద్దీపము, గ్రంథాలయము, మిత్రులు, పిల్లలకు మంచి బడి, ఇవన్నియు ఒకవైపు. మట్టిబాట, చాలని జీతము, రెండు కక్షలైన సంఘము మఱియొకవైపు. పట్టభద్రుడు పట్టణపు పెద్ద సంఘమును కోరుట మానవ సహజము. దాని ఫలితము మాత్రము కఠినము. ఏ వాడ స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యము తీసి గుడికై దాచి, కోతపండుగలో బస్తా ధాన్యము అర్పించి ఆ పిల్లవాని చదువునకు తోడ్పడిరో, ఆ వాడ బోధకుని కోల్పోవును, బిడ్డను కూడ కోల్పోవును. ఒక గురువు క్రింద అనేక గ్రామములున్నచోట, నెలకొకసారి వచ్చి సంస్కారము నడిపి పోవుటయే జరుగును. మిగిలిన ఆదివారములు భారము మోయునది తక్కువ చదువు, తక్కువ జీతము గల ఉపదేశియే.

దీనికి కళాశాల చేయదగినది కళాశాల చేయవలెను. సెలవులలో విద్యార్థులను నెలల తరబడి గ్రామములలో నుంచుట, తెలుగున పాఠ్యగ్రంథములు వ్రాయించుట దాని బాధ్యత. పెద్దలు చేయదగినది కూడ కలదు. సంఘమునుండి ఒకని పంపునప్పుడు ఇతర ఉద్యోగములు దొరకనివానిని పంపకుడు. ఇదివరకే ఆదివారపు బడిలో పిల్లలను కూర్చుండబెట్టినవానిని, శవము మోయుటకు భుజమిచ్చినవానిని, ఎదుటివారి మాట పూర్తిగా వినువానిని చూచి పంపుడు. అట్టి ఆడపిల్ల యున్నచో ఆమెను వెనుకకు నెట్టకుడు. సిఫారసు చీటిపై సంతకము చేయుటతో మీ పని తీరలేదు. సెలవులకు వచ్చినప్పుడు అతనిని పిలిచి, ఏమి నేర్చితివో మా మాటలలో చెప్పుమని అడుగుడు. చెప్పలేకపోయినచో నవ్వకుడు, మరల అడుగుడు. ఆ వృద్ధ రైతు అడిగిన గొఱ్ఱు ప్రశ్నవంటిది ఒక్కటి నూరు పుటల పుస్తకమునకు సమానము.

గురువుగా వచ్చినపిదప అతని జీతము నెలనెల చెల్లునట్లు చూడుడు. అప్పులపాలైన కాపరి మందను కాచలేడు. ఎవరు అప్పిచ్చిరో వారి పక్షము వహింపవలసివచ్చును. అతనిని మీ కక్షలలోనికి లాగకుడు. గురువు మీదనే భారము వేయక పెద్దలును కొంత చదువుడు. సెరంపూరు సెనేటువారు గృహస్థులకై ఇంటినుండియే చదువుకొను పాఠక్రమములను నడుపుచున్నారు. అది కాకున్నను వారమున కొక సాయంకాలము దీపము చుట్టు పదిమంది చేరి ఒక యధ్యాయము చదివి, సందేహములు వ్రాసియుంచి, గురువు వచ్చినప్పుడు అడిగినచో అతడు చదువు మరువడు, మీరును వెనుకబడరు.

క్రైస్తవేతరులైన పెద్దలకు ఒక్క మనవి. మీ ఊరికి క్రొత్తగా చదివి వచ్చిన పాదిరిని ఒకనాడు మీ చావడికి పిలిచి మాటలాడుడు. చెరువు గట్టు సంగతి, బడి సంగతి, త్రాగుడు సంగతి అందరికి సంబంధించినవే. అతని చదువులో మీ మతమును మర్యాదగా తెలిసికొను పాఠమున్నదని చెప్పితిని. ఆ పాఠము నిజముగా వచ్చినదో లేదో మీతో కూర్చున్నప్పుడే తేలును.

గురువు అభిషేకమునాడు బిషప్పును, గురువులును అతని తలపై చేతులుంచుదురు. ఆ దినమున ఊరిపెద్దలు తప్పక పోయి ముందువరుసలో కూర్చుండవలెనని నా కోరిక. మరుసటి ఆదివారము అతడు మీ గుడిలో నిలిచి మొదటి ప్రసంగము చేసిన పిదప ఇంటికి పిలిచి అన్నము పెట్టి, అర్థమైనదేదో, కానిదేదో అతనికి చెప్పుడు. కళాశాలలో పరీక్షలు ముగిసినవి. ఆ పూట మీ యింట మొదలగు పరీక్ష అతడు పనిచేసినంతకాలము సాగును.